చేపల పెట్టెలు, చిల్లుల బుట్టలు, మట్టి మూకుళ్ళు: మా డాబా మీద బోన్సాయ్ డైరీ

2024 అక్టోబరు 13, ఆదివారం

నిన్నటితో దసరా అయిపోయింది, ఇవాళ్టి నుంచి ఈ డైరీ. ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసుకోవాలి. సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ పాయకాపురంలో మా వీధిలోకి వచ్చినప్పుడు నా మొక్కలన్నీ కింద వాకిట్లోనే ఉన్నాయి. బియ్యం, గ్యాస్ సిలిండరు, అత్తయ్య మందులు పైకి చేర్చుకుని ఊపిరి పీల్చుకునేసరికి కింద నడుము లోతు నీళ్ళు. అన్నీ బరువైన సిమెంటు కుండీలే, ముందే గుర్తొచ్చినా నేనొక్కదాన్నీ ఎత్తగలిగేదాన్ని కాదు. నీళ్ళు పోయాక బురద కడిగి చూస్తే పదకొండింటిలో మూడే బతికాయి, రెండు మర్రి, ఒక జువ్వి. అడీనియంలు మొదలంతా మెత్తబడి కుళ్ళాయి, జేడ్‌కి ఆకు మిగల్లేదు, గింజ నాటి ఆరేళ్ళు పెంచిన చింత పోయింది. అన్ని రోజులు నీళ్ళలో ఉంటే వేళ్ళకి గాలి ఆడదు, చెట్టు పైన ఎంత పచ్చగా ఉన్నా లోపల ఊపిరాడక పోతుంది. మర్రి జాతి మాత్రం ఓర్చుకుంటుందని కళ్ళారా చూశాను.

ఇక నుంచి మొక్కలన్నీ డాబా మీదే. డాబా మీద అంటే బరువు తక్కువుండాలి, మళ్ళీ మొదటి నుంచి పెంచాలి కాబట్టి చాలా కుండీలు కావాలి, ఇల్లు బాగు చేయించుకున్నాక చేతిలో డబ్బు కూడా తక్కువే. అన్ని కుండీలకీ కలిపి 1500 రూపాయలు అనుకున్నాను.

బోన్సాయ్ అంటే పెద్ద చెట్టుని పళ్ళెంలో పొట్టిగా పెంచడం, ఆ జపాను మాటకి అర్థమే పళ్ళెంలో నాటినది అని. అందుకే చాలామంది ముందు అందమైన పింగాణీ పళ్ళెం కొని, అందులో చిటికెన వేలంత మొక్క పెడతారు. నేనూ మొదట్లో అలాగే చేశాను. నాలుగేళ్ళయినా మాను లావెక్కదు. ఆ పళ్ళెం తయారైపోయిన చెట్టుకి, వేళ్ళని అదుపులో పెట్టి ఎదుగుదలని నెమ్మదింపజేయడానికి. లేత మొక్కకి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం: వేరు పరుచుకునే చోటు, గాలి, పైన కొమ్మలు ఇష్టమొచ్చినట్టు సాగే స్వేచ్ఛ. మాను లావెక్కేది పైన ఆకు పెరిగితేనే, పైన ఆకు పెరిగేది కింద వేరు పెరిగితేనే. ఈ వయసులో కుండీ అందంగా ఉండక్కర్లేదు, ఖరీదు అసలే అక్కర్లేదు.

నవంబరు 10

మా వైపు వరద తర్వాత వీధుల్లో గుట్టలు పడిన సామాను ఇంకా పూర్తిగా తీయలేదు. పరుపులు, చెక్క బీరువాలు పాడైపోయాయి కానీ ప్లాస్టిక్‌కి ఏమీ కాలేదు. జనం పోగొట్టుకున్న సామానులోంచి ఏరుకోవడానికి మనసు ఒప్పలేదు, అందుకని పాత సామాను కొట్టుకి వెళ్ళి కొన్నాను. కొట్టు బాబాయ్ "ఏంటమ్మా, పగిలినవి అడుగుతున్నావు, మంచివి ఇస్తా ఉండు" అన్నాడు. బాబాయ్, నాకు అడుగు చిల్లు పడినవైతేనే మంచిదండీ అని చెబితే అడుగున ఉన్నవన్నీ లాగి చూపించాడు.

ఇప్పటిదాకా చేరినవి: 20 లీటర్ల పెయింట్ డబ్బాలు నాలుగు, ఒక్కోటి 40 రూపాయలు. సిమెంటు మోసే ప్లాస్టిక్ తట్టలు రెండు, అంచు చిరిగినవి, రెండూ కలిపి 70. టమాటా క్రేటు ఒకటి 100, ఇది ఇంకా ఎలా వాడాలో తెలియదు, చిల్లులు మరీ పెద్దవి, లోపల గ్రీన్ నెట్ పరిస్తే తప్ప మట్టి ఆగదు. కూరగాయలు కడిగే చిల్లుల బుట్టలు కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర కొత్తవే ఆరు కొన్నాను, బేరం ఆడితే ఒక్కోటి 45కి వచ్చాయి. ఏడోది మా వంటింట్లోదే. "అత్తయ్యా, ఈ బుట్ట నేను తీసుకోనా?" అంటే "తీసుకోవే, అన్నం వార్చే రోజులా ఏమన్నా, ఎవరు వాడుతున్నారిప్పుడు" అన్నారు.

చేపల మార్కెట్‌లో థర్మోకోల్ పెట్టెలు అడిగితే మూత లేనివి ఊరికే ఇచ్చేశారు. ఐదు తెచ్చాను, ఆటోకి 120 అయింది. వాసన పోవడానికి సబ్బు నీళ్ళు, తర్వాత రెండు రోజులు ఎండ. ఒక్కో పెట్టె రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు లోతు ఉంటుంది, ఖాళీది చిటికెన వేలితో ఎత్తొచ్చు.

చిల్లుల బుట్ట ఎందుకో రాసి పెట్టుకోవాలి, మా ఆయన కూడా అడిగారు. మామూలు డబ్బాలో వేరు గోడని తాకగానే పక్కకి తిరిగి గుండ్రంగా చుట్టుకుంటూ పోతుంది, రెండేళ్ళకి తీసి చూస్తే పాముల చుట్టలా ఉంటుంది, లోపల మట్టిలో వేరు అన్నదే ఉండదు. చిల్లుల బుట్టలో వేరు కొన చిల్లు దగ్గరికి రాగానే గాలి తగిలి ఎండిపోతుంది. కొన ఎండిపోతే వెనకనుంచి కొత్త పిల్ల వేళ్ళు నాలుగు పుడతాయి, పైన చిగురు తుంచితే పక్క కొమ్మలు వచ్చినట్టే. అలా మొదలు దగ్గరే పీచు వేళ్ళు దట్టంగా అల్లుకుంటాయి. చివరికి లోతు తక్కువ పళ్ళెంలోకి మార్చాలంటే ఆ పీచు వేళ్ళే కావాలి. జపానులో నల్ల పైన్ మొక్కలు పెంచేవాళ్ళు కూడా ఇలాంటి బుట్టలే వాడతారు, వాళ్ళ భాషలో జరు అంటారట, అదీ వంటింటి బుట్టే.

నవంబరు 24

పెట్టెలకి తెల్లగా రంగు వేస్తే ఎండకి పాడవకుండా ఉంటాయని ఇంట్లో మిగిలిన గేటు రంగు, థిన్నర్ కలిపి పూశాను. ఐదు నిమిషాల్లో థర్మోకోల్ బుసబుసమని కరిగి పోయింది, పెట్టె ఒక పక్క మొత్తం గుంటలు. థిన్నర్, పెట్రోలు, ఆయిల్ పెయింట్ ఏదీ థర్మోకోల్‌కి తగలకూడదు. నీళ్ళలో కలిపే గోడ డిస్టెంపర్ అయితే ఏమీ కాదు, ఓ చిన్న ముక్క మీద వేసి చూసి, తర్వాత మిగిలిన నాలుగింటికీ పూశాను.

రెండింటికి ఇంకో పద్ధతి. పాత గోనె సంచిని సిమెంటు పాలలో ముంచి పెట్టె చుట్టూ అంటించాను. పెంకులా గట్టిపడింది, థర్మోకోల్ పూసలు రాలి కాలవలోకి పోకుండా ఉంటుంది. కానీ కొత్త సిమెంటులో సున్నం ఎక్కువ, మొక్కకి పడదు. ఆ రెంటినీ నీళ్ళు నింపి పదిహేను రోజులు ఉంచాలి, మూడు రోజులకోసారి నీళ్ళు మార్చాలి.

అన్నింటికీ అడుగున చిల్లులు పెట్టాను. ప్లాస్టిక్‌కి కాల్చిన మేకుతో పెడితే పొగ గొంతులో పడుతుంది, పక్క వీధి ఎలక్ట్రీషియన్ దగ్గర డ్రిల్ తీసుకున్నాక గంటలో పనైపోయింది. పెయింట్ డబ్బాలని అడుగు నుంచి ఏడు అంగుళాల ఎత్తులో హాక్సా బ్లేడుతో కోసేశాను, పై సగాన్ని కూడా పారేయలేదు, నేల మీద గుండ్రంగా నిలబెట్టి మట్టి నింపితే అడుగు లేని కుండీ.

డిసెంబరు 15

మట్టి గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎంత మంచి బుట్ట తెచ్చినా అందులో బంక మట్టి నింపితే అంతా వృథా.

ఇవాళ గిన్నెలు తోమే కొత్త స్పాంజితో ఒక పని చేశాను. నీళ్ళలో ముంచి, పిండకుండా, పడుకోబెట్టి పట్టుకున్నాను, కారాల్సిన నీళ్ళు కారి ఆగిపోయాయి. తర్వాత దాన్నే నిలువుగా పట్టుకుంటే మళ్ళీ ధారగా కారాయి. స్పాంజి అదే, నీళ్ళు పట్టే గుణం అదే, ఎత్తు మారింది అంతే. కుండీలో కూడా అడుగున కొంత ఎత్తు దాకా నీళ్ళు నిలిచిపోతాయి, ఆ ఎత్తు మట్టి రేణువుల సైజుని బట్టి ఉంటుంది, కుండీ లోతుని బట్టి కాదు. లోతైన డబ్బాలో అడుగున అంగుళం తడిగా ఉంటే పైన ఆరు అంగుళాలకి గాలి ఉంటుంది, రెండంగుళాల పళ్ళెంలో అదే అంగుళం అంటే సగం మట్టి ఎప్పుడూ బురదే. అందుకే లోతు తక్కువైన కొద్దీ రేణువులు పెద్దవి ఉండాలి. అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయని అందరూ అంటారు, కానీ తడి పొర ఆ రాళ్ళ మీద మట్టిలోనే నిలుస్తుంది, వేరుకి చోటు తగ్గడం తప్ప ఉపయోగం లేదు. చిల్లు మీద దోమల మెష్ ముక్క వేస్తే చాలు.

అకడమా అనే జపాను బోన్సాయ్ మట్టి నాకు విజయవాడలో దొరకలేదు, తెప్పించుకుంటే కుండీల కన్నా మట్టికే ఎక్కువ అవుతుంది. ఇటుక ముక్కలు చాలు. మా వీధి చివర వరదకి పడిపోయిన ప్రహరీ ఇటుకలు అడిగి తెచ్చుకుని సుత్తితో కొట్టాను. ముందు ముక్కని రాత్రంతా నీళ్ళలో వేసి చూడాలి, ఉదయం వేళ్ళతో నలిపితే మెత్తబడిందంటే సరిగా కాలని ఇటుక, అది నెలల్లో బురదవుతుంది. మరీ నల్లగా కాలింది నీళ్ళు పీల్చుకోదు. మేస్త్రీ ఇసుక జల్లెడతో పెద్దవి తీసేసి, పిండి జల్లెడతో పొడి తీసేస్తే మధ్యలో కందిపప్పు కన్నా పెద్దవి, శనగల కన్నా చిన్నవి మిగులుతాయి. వాటిని కడగాలి. ఒక గంట కొడితే ఒక బకెట్ వస్తుంది, ముక్కుకి గుడ్డ కట్టుకోకపోతే దగ్గు ఖాయం.

నా పాళ్ళు: ఇటుక రెండు పాళ్ళు, ముతక ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్టు ఒక పాలు, బకెట్‌కి గుప్పెడు వేపపిండి. చిల్లుల బుట్టల కోసం అరపాలు కొబ్బరి పీచు పొడి అదనం.

2025 జనవరి 19

సంక్రాంతి అయ్యాక చలి తగ్గడం మొదలైంది, నాటేశాను.

రావి మొక్కలు ఎనిమిది దొరికాయి, అన్నీ గోడ పగుళ్ళలోవే. పిట్టలు పండ్లు తిని రెట్ట వేసిన చోటల్లా మొలుస్తాయి. రావిని పీకి పారేయడానికి మనవాళ్ళకి భయం, ఉంచితే గోడ పోతుంది, పీకేస్తే పాపం అని ఉంచేస్తారు. "మీరు పెంచుకుంటానంటే తీసుకెళ్ళండమ్మా, మాకు ఆ పాపం వద్దు" అని రెండు ఇళ్ళవాళ్ళు వాళ్ళే పిలిచి ఇచ్చారు. గోడలోంచి తీసేటప్పుడు లాగకూడదు, సన్న ఇనప చువ్వతో పాత సున్నం గీకుతూ వేరు ఎంత వస్తే అంత తీయాలి. వేరు అంతగా రాకపోయినా ఫర్వాలేదు, ఆకులన్నీ తుంచేసి నీడలో పెడితే రావి తిప్పుకుంటుంది. ఇవి నవంబరులో తీసినవి, అన్నీ చిగురు వేశాయి. అత్తయ్యకి మొదట ఇష్టం లేదు, రావి ఇంట్లో ఉండకూడదు అన్నారు, డాబా మీద కదా అంటే కాసేపు ఆలోచించి సరే అన్నారు.

ఎనిమిదీ దాదాపు ఒకే లావు, మొదలు దగ్గర చుట్టుకొలత మూడు సెంటీమీటర్లకి అటూ ఇటూ, టైలర్ టేపుతో కొలిచి రాశాను. ఏది ఎందులో పెరుగుతుందో తేడా తెలియాలని ఇలా పంచాను: కోసిన పెయింట్ డబ్బాల్లో రెండు, చిల్లుల బుట్టల్లో రెండు, థర్మోకోల్ పెట్టెలో రెండు పక్కపక్కన, తట్టలో ఒకటి, పాత పింగాణీ పళ్ళెంలో ఒకటి. చింత మొలకలు నాలుగు చిల్లుల బుట్టల్లో, సీమచింత రెండు గోనె, సిమెంటు చుట్టిన ఒక పెట్టెలో.

తల్లి వేరు అన్నింటికీ కోసేశాను. కింద ఒక చదునైన పలక పెడితే వేళ్ళు కిందికి దిగలేక నలువైపులా పరుచుకుంటాయి, పెద్దయ్యాక మాను మొదట్లో నేలని పట్టుకున్నట్టు కనిపించే అందం దాంతోనే వస్తుంది. తట్టలో ఉన్న రావికి పాత సీడీ వాడాను, మధ్య చిల్లులోంచి మొక్కని దూర్చి సీడీని మట్టిలో అంగుళం లోతున ఉంచాను. మాను లావెక్కుతూ ఆ చిల్లులో బిగుసుకుంటుంది, పైన కొత్త వేళ్ళు పుడతాయి.

బుట్టలు తేలిక కాబట్టి మొక్క ఊగకుండా కట్టుతీగని అడుగు చిల్లుల్లోంచి తీసి వేళ్ళ మీదుగా కట్టాను. మొక్క ఊగితే పుట్టిన పీచు వేళ్ళు తెగిపోతూనే ఉంటాయి.

మార్చి 9

అన్నీ చిగుర్లు. ఎర్రటి రావి చిగుళ్ళు పొద్దున ఎండలో చూస్తూ నిలబడిపోతున్నాను, కాఫీ చల్లారిపోతోంది. కత్తెర పెట్టలేదు, ఇప్పుడు కొమ్మలు ఎంత పొడుగైతే అంత మంచిది. పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టి తేటనీళ్ళు, ఒకటికి పది పాళ్ళు నీళ్ళు కలిపి పోస్తున్నాను. సోమవారం పొద్దున అత్తయ్య పళ్ళెంలో ఉన్న రావికి చెంబుడు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకోవడం చూశాను, ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 20

అసలు పరీక్ష ఇప్పుడు. చల్లటి దేశాల్లో చిల్లుల బుట్టని మెచ్చుకుంటే మెచ్చుకోవచ్చు, బెజవాడ ఎండ వేరు. ఉదయం ఆరింటికి నిండా నీళ్ళు పోసిన బుట్ట మధ్యాహ్నం రెండయ్యేసరికి పొడి, చింత ఆకులన్నీ ముడుచుకున్నాయి. నాలుగు పక్కలా వడగాలి కొడుతుంటే నాలుగు పక్కలా ఆరిపోతుంది. రోజుకి మూడుసార్లు నీళ్ళు పోయడం ఉద్యోగం చేసేవాళ్ళకి కుదిరే పని కాదు.

ఇవాళ మూడింటికి థర్మామీటరు మట్టిలో గుచ్చి చూశాను, అంచు నుంచి అంగుళం లోపల, పడమటి పక్క. నల్ల పెయింట్ డబ్బాలో 46, బుట్టలో 37, థర్మోకోల్ పెట్టెలో 34. డబ్బాలో ఆ పక్క గోరుతో తవ్వితే వేళ్ళు గోధుమ రంగుకి తిరిగి తోలు ఊడిపోతున్నాయి, ఉడికిపోయాయి. తూర్పు పక్క తెల్లగానే ఉన్నాయి. ఆకులు వాడిపోతుంటే అందరం నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోస్తాం, చచ్చిన వేళ్ళు నీళ్ళు తాగవు, అవే కుళ్ళుతాయి. వెంటనే డబ్బాలకి తడి గోనె చుట్టి, పైన తెల్ల బియ్యం సంచి తొడిగాను, రెండిటినీ పిట్టగోడ నీడలోకి జరిపాను.

బుట్టలకి ఒక ఆలోచన వచ్చింది. ఖాళీగా ఉన్న థర్మోకోల్ పెట్టెలో రెండంగుళాల తడి ఇసుక పరిచి, రెండు రావి బుట్టలనీ దాని మీద కూర్చోబెట్టాను. చుట్టూ పెట్టె గోడలు వడగాలిని ఆపుతాయి, కింద ఇసుక తడి ఆరదు, బుట్టకి గాలి పైనుంచి తగులుతూనే ఉంటుంది. పెట్టె అడుగున చిల్లు అలాగే ఉంది, నీళ్ళు నిలవవు. చింత బుట్టలు నాలుగూ అందులో పట్టలేదు, వాటి మీద గ్రీన్ నెట్ మాత్రం కట్టాను.

మే 4

చింతలు రెండు పోయాయి. తెనాలిలో పెళ్ళికి రెండున్నర రోజులు వెళ్ళాం, నీళ్ళు పోస్తామన్నవాళ్ళు ఒక పూట పోశారు. వాళ్ళని ఏమీ అనలేదు, పెట్టెలోకి చేర్చని బుట్టల్ని ఈ ఎండలో వేరేవాళ్ళ చేతిలో పెట్టడం సరికాదని నాకే ముందు తట్టాల్సింది. కొమ్మ గీకి చూస్తే లోపల పచ్చ లేదు. చింత అంటే నాకు మిగతా అన్నిటికన్నా ఇష్టం, వరదలో పోయిన దాని బదులు ఇవి వేశాను. మిగిలిన రెండింటినీ సాయంత్రమే పెట్టెలోకి మార్చాను, రావి బుట్టల మధ్య ఇరికించి. పెట్టెలో ఉన్న బుట్టలు ఆ రెండున్నర రోజులూ ఆకు కూడా వాల్చలేదు.

జూలై 6

ఈసారి మే నెలాఖరుకే వానలు మొదలయ్యాయి, జూన్ అంతా మొక్కలు కోలుకున్నాయి. ఇవాళ ఒక్కో రకంలోంచి ఒకటి తీసి వేళ్ళు చూశాను. పొద్దున ఏడు నుంచి పన్నెండున్నర దాకా పట్టింది, వాన చినుకుల్లోనే చేశాను, వేళ్ళు ఆరకుండా ఉండాలంటే అదే మంచి సమయం.

పెయింట్ డబ్బా: మాను బాగా లావెక్కింది, కానీ తీయగానే వేళ్ళు గోడ వెంబడి రెండు చుట్లు. మొదలు దగ్గర పీచు తక్కువ. పడమటి పక్క ఏప్రిల్‌లో ఉడికిన చోట ఖాళీగా ఉంది, ఒక పక్క వేళ్ళే లేని చెట్టు చూడ్డానికి బాగోదు, రెండేళ్ళు పడుతుంది సరిచేయడానికి.

బుట్ట, పెట్టెలో కూర్చోబెట్టింది: చేతుల్లోకి తీసుకోగానే నాకు మాటరాలేదు. బుట్ట ఆకారంలోనే పీచు వేళ్ళ ముద్ద, అన్ని వైపులా సమానంగా. అడుగు చిల్లుల్లోంచి మూడు లావు వేళ్ళు కింది ఇసుకలోకి దిగి పెట్టె మూలల దాకా పోయాయి. ఆ బయటికి పోయిన వేళ్ళే మానుని లావెక్కిస్తున్నాయి, లోపలి పీచు వేళ్ళు పాడవకుండా ఉన్నాయి. అంటే ఒకే కుండీలో రెండు పనులూ జరుగుతున్నాయి. చాలనుకున్నప్పుడు బయటి వేళ్ళని బుట్ట అడుగున కత్తెరతో కోసేస్తే సరి, లోపల చెట్టు బతకడానికి కావలసిన వేరు సిద్ధంగా ఉంటుంది. ఇప్పుడు కోయలేదు, ఇంకో ఏడాది ఉంచుతాను.

ఉత్త థర్మోకోల్ పెట్టె: వేళ్ళు తెల్లగా, ఆరోగ్యంగా, ఎక్కడా ఉడకలేదు. కానీ రావి వేరు థర్మోకోల్ గోడని పొడుచుకుని బయటికొచ్చింది, పెట్టెకి రెండు చోట్ల బీట. ఒక మూల చీమలు తొలిచి గూడు పెట్టాయి. గోనె, సిమెంటు చుట్టిన పెట్టెకి ఇవేవీ లేవు, సీమచింతలు అందులో మూడడుగులు పెరిగాయి.

తట్ట: నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం ఇదే. ఐదంగుళాల లోతు, రెండడుగుల వెడల్పు, వేళ్ళు అన్ని వైపులా చక్రంలో ఆకుల్లా పరుచుకున్నాయి, సీడీ పైన తెల్లటి కొత్త వేళ్ళు చుట్టూ పుట్టాయి. 35 రూపాయల తట్ట.

పింగాణీ పళ్ళెం: ఏమీ మారలేదు, ఆకులు చిన్నవై అందంగా ఉన్నాయి, మాను జనవరిలో ఎలా ఉందో అలాగే ఉంది.

చిల్లుల బుట్టల ప్లాస్టిక్ ఎండకి పెళుసెక్కింది, అంచు పట్టుకుని ఎత్తితే ముక్క చేతికొచ్చింది. వంటింట్లోంచి తెచ్చిన పాతది, మందమైనది, బాగానే ఉంది. ఈసారి కొనేటప్పుడు వేళ్ళతో వంచి చూసి మందం ఉన్నవే కొంటాను, పది రూపాయలు ఎక్కువైనా. ఎత్తాలంటే అడుగున చేయి పెట్టి ఎత్తాలి.

ఆగస్టు 17

వరదలో బతికిన జువ్వికి ఎనిమిదేళ్ళు, దానికి ఇక పళ్ళెం ఇవ్వొచ్చు. పింగాణీది అడిగితే 900 చెప్పారు. గొల్లపూడి దాటాక రోడ్డు పక్కన కుండలు అమ్మే పెద్దాయన దగ్గర మట్టి మూకుళ్ళు చూశాను, అడుగు వెడల్పు, మూడంగుళాల లోతు, 60 రూపాయలు. రంగు చూస్తే ఏ జపాను పళ్ళేనికీ తీసిపోదు, జువ్వి ఆకుపచ్చకి ఆ ఎర్రమట్టి రంగు ఎంత నప్పుతుందో.

ఐదు కొన్నాను, చిల్లులు పెట్టేటప్పుడు రెండు పగిలాయి. మూడోదానికి పద్ధతి దొరికింది. మూకుడుని రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, తడి ఇసుక మీద బోర్లించకుండా మామూలుగా కూర్చోబెట్టి, లోపలి నుంచి, గోడలకి వాడే బిట్‌తో, సుత్తి మోడ్ ఆపేసి, నెమ్మదిగా, చుక్క చుక్క నీళ్ళు వేస్తూ తిప్పాలి. ముందు సన్న బిట్, తర్వాత పెద్దది. నాలుగు చిల్లులు: రెండు నీళ్ళకి, రెండు తీగ కట్టడానికి.

మళ్ళీ వెళ్ళి పెద్దాయనకి పగిలిన ముక్కలు చూపిస్తే, "కాల్చాక చిల్లు పెడితే పగలదా తల్లీ, పచ్చి మీద ఉన్నప్పుడే చెబితే వేలితో పొడిచి ఇస్తాను కదా" అన్నారు. ఆరు చెప్పి వచ్చాను, కింద మూడు చిన్న కాళ్ళు కూడా పెట్టమన్నాను, అడుగు నేలకి అంటుకుంటే నీళ్ళు దిగవు.

మా బోరు నీళ్ళు ఉప్పు, మూకుడు బయట వారానికే తెల్లటి పొర కట్టింది. వాన నీళ్ళు డ్రమ్ములో పట్టి పోస్తున్నాను, అవి లేనప్పుడు కుళాయి నీళ్ళు. మూకుడు చెమ్మని పీల్చి బయటికి వదులుతుంది, అందుకే లోపల మట్టి చల్లగా ఉంటుంది కానీ తొందరగా ఆరుతుంది. ఎండాకాలంలో దీన్ని కూడా తడి ఇసుక పెట్టెలోనే కూర్చోబెట్టాలి.

నవంబరు 2

మంగళవారం రాత్రి తుఫాను గాలికి కోసిన పెయింట్ డబ్బా ఒకటి మొక్కతో సహా దొర్లి పిట్టగోడకి కొట్టుకుంది, ఒక కొమ్మ విరిగింది. పెట్టెలు కదల్లేదు, తడి ఇసుక బరువు కాసింది. తట్ట కూడా కదల్లేదు, వెడల్పు కాబట్టి. డబ్బాలని నైలాన్ తాడుతో పైపుకి కట్టాను.

2026 జనవరి 18

ఏడాదైంది, టైలర్ టేపు మళ్ళీ తీశాను. మట్టికి రెండంగుళాల పైన చుట్టుకొలత, అన్నీ మూడు సెంటీమీటర్ల దగ్గర మొదలైనవే. పెయింట్ డబ్బాలు 7.6, 7.1. పెట్టెలో కూర్చోబెట్టిన బుట్టలు 6.8, 6.5. ఉత్త థర్మోకోల్ పెట్టెలో రెండూ కలిసి పెరిగినా 6.2, 6. తట్ట 7. పింగాణీ పళ్ళెం 3.4.

లావు ఒక్కటే చూస్తే డబ్బా గెలిచినట్టు కనిపిస్తుంది, కానీ దాని వేళ్ళు సరిచేయడానికి పట్టే రెండేళ్ళు కలుపుకుంటే నేను మళ్ళీ డబ్బా జోలికి వెళ్ళను. నా లెక్కలో తట్ట మొదటిది, పెట్టెలో బుట్ట రెండోది, చింతలకి మాత్రం పెట్టెలో బుట్టే మొదటిది. బతికిన రెండు చింతలూ చూపుడు వేలంత అయ్యాయి, మొదలు దగ్గర తోలు పగుళ్ళు వేయడం మొదలైంది, ఆ పగుళ్ళు చూసినప్పుడు పోయిన చింతే గుర్తొచ్చింది.

ఖర్చు కుండీల వరకు, ఆటోతో, పగిలిన మూకుళ్ళతో కలిపి అనుకున్న 1500 లోపే. పెద్దాయనకి చెప్పిన ఆరు మూకుళ్ళ డబ్బు ఇందులో లేదు, అవి నిన్ననే వచ్చాయి, వేలితో పొడిచిన చిల్లులు, మూడేసి కాళ్ళు, ఒకదాని అడుగున ఆయన బొటనవేలి గుర్తు అలాగే కాలి ఉంది. వరద చూసిన మర్రి పెద్దదాన్ని ఆ మూకుట్లోనే పెడతాను, చలి ఇంకో పది రోజులకి పూర్తిగా తగ్గాక. పళ్ళెంలోని రావిని ఇవాళే తీసి రెండో తట్టలోకి మార్చాను. అత్తయ్య డాబా మీదికొచ్చి చూసి, "రేపు సోమవారం నీళ్ళు ఎందులో పోయాలే ఇక" అని అడిగారు. తట్ట చూపించాను.